రెండు రోడ్ బైక్ ఫ్రేముల కొలతలు: టాప్ ట్యూబును నమ్మాలా, రీచ్‌ను నమ్మాలా?

ఉదయపుసవారీ (ప్రశ్న)

నాలుగేళ్లుగా ఒకే రోడ్ బైక్ నడుపుతున్నాను. దానికి 28 మి.మీ. కంటే వెడల్పైన టైరు పట్టదు కనుక ఫ్రేము మార్చాలని నిర్ణయించుకున్నాను. ఎలాగూ మారుస్తున్నాను కాబట్టి, గంట దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కడం, మెడ పట్టేయడం అనే రెండు బాధలు కూడా దీనితోనే తీరితే బాగుండునని ఆశ. నా ఎత్తు 173 సెం.మీ., కాలి లోపలి కొలత 81 సెం.మీ. సీటు ఎత్తు, అంటే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) నడిమి నుంచి సీటు పైభాగం వరకు, 71.5 సెం.మీ. సైకిల్ పందేల వీరుడు గ్రెగ్ లెమాండ్ పేరుతో చెప్పుకునే లెక్క (కాలి లోపలి కొలతను 0.883తో గుణించడం) ప్రకారం కూడా ఇంతే వస్తుంది కనుక దాని గురించి నాకు సందేహం లేదు.

ఇప్పటి ఫ్రేము మీద 54 అని రాసి ఉంది. దాని స్టాక్ (బాటమ్ బ్రాకెట్ నుంచి హెడ్ ట్యూబు పైఅంచు ఎంత ఎత్తున ఉందో) 545, రీచ్ (అదే అంచు ఎంత ముందుకు ఉందో) 386, సీటు ట్యూబు కోణం 73.5 డిగ్రీలు, హెడ్ ట్యూబు (ముందు ఫోర్క్ ఇమిడే గొట్టం) కోణం 73. హెడ్‌సెట్ (హెడ్ ట్యూబులోని బేరింగులు) మూత 8 మి.మీ., దానిపైన 25 మి.మీ. స్పేసర్లు (ఎత్తు పెంచే ఉంగరాలు), ఆపైన కిందికి వంగిన 6 డిగ్రీల 100 మి.మీ. స్టెమ్ (హ్యాండిల్ బార్‌ను పట్టుకునే ముక్క) ఉన్నాయి.

చూస్తున్న ఫ్రేములు రెండు. మొదటిదాని స్టాక్ 548, రీచ్ 378, టాప్ ట్యూబు 535, సీటు కోణం 74, హెడ్ కోణం 73. రెండవదాని స్టాక్ 572, రీచ్ 376, టాప్ ట్యూబు 551, సీటు కోణం 73, హెడ్ కోణం 72. నా సందేహమంతా ఇక్కడే ఉంది. టాప్ ట్యూబును బట్టి చూస్తే రెండవది 16 మి.మీ. పొడవు, రీచ్‌ను బట్టి చూస్తే అదే ఫ్రేము 2 మి.మీ. పొట్టి. ఒకే ఫ్రేము పొడవూ పొట్టీ ఎలా అవుతుంది? హ్యాండిల్ బార్ ఇప్పటికంటే ఒక 15 మి.మీ. పైకి, 10 మి.మీ. దగ్గరికి వస్తే చాలునని నా అంచనా. దేన్ని పట్టుకుని పోల్చాలో దయచేసి వివరించగలరు.

లంబరేఖ

మీరు రాసిన రెండు తేడాలూ నిజమే. అయితే హ్యాండిల్ బార్ నాకు ఎంత దూరంలో ఉంటుందన్న మీ అసలు ప్రశ్నకు వాటిలో ఏదీ జవాబు కాదు.

పట్టికలో టాప్ ట్యూబు పేరుతో ఇచ్చేది ఆ గొట్టం అసలు పొడవు కాదు. హెడ్ ట్యూబు పైఅంచు నుంచి నేలకు సమాంతరంగా వెనక్కి గీసిన గీత, సీటు ట్యూబు రేఖను తాకేవరకు ఉన్న దూరం అది. కాబట్టి సీటు ట్యూబు ఎంత వాలి ఉందన్నది కూడా ఆ అంకెలో కలిసిపోయి ఉంటుంది. స్టాక్‌ను సీటు కోణపు టాంజెంటుతో భాగించి, వచ్చినదానికి రీచ్ కలిపి చూడండి: మొదటిదానికి 157, 378 కలిసి 535, రెండవదానికి 175, 376 కలిసి 551. మీ పట్టికలోని అంకెలే వచ్చాయి కదా! అంటే రెండవ ఫ్రేములో కనిపించే అదనపు పొడవు బాటమ్ బ్రాకెట్‌కు ముందు లేదు, వెనుక ఉంది. మీ సీటు ఎత్తులో ఒక డిగ్రీ తేడా సీటును సుమారు 12 మి.మీ. ముందుకో వెనక్కో జరుపుతుంది. దాన్ని మీరు సీటు కింది పట్టాల మీద జరిపి, మీ మోకాళ్లకు అలవాటైన చోటికే మళ్లీ తెచ్చుకుంటారు. అప్పుడు ఆ 16లో మిగిలేది ఏమీ ఉండదు.

ఇక రీచ్. ఇది బాటమ్ బ్రాకెట్ నుంచి ముందుకు కొలిచేది కనుక సీటు కోణం దీన్ని ముట్టుకోదు. అందుకే టాప్ ట్యూబు కంటే నమ్మదగినది. ట్రయాథ్లాన్ సైకిళ్ల విషయంలో వాటి రూపకర్త డాన్ ఎంఫీల్డ్ ఈ స్టాక్, రీచ్ జంటను ప్రచారంలోకి తెచ్చినప్పుడు దాని బలం ఇదే. అయితే జంటలో ఒకదాన్ని వదిలి రెండవదాన్ని మాత్రమే చదివితే మోసపోతాము. హెడ్ ట్యూబు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. కనుక పైకి వెళ్లేకొద్దీ హ్యాండిల్ మనవైపు వస్తుంది. 73 డిగ్రీల కోణం దగ్గర ప్రతి 10 మి.మీ. ఎత్తుకు దాదాపు 3 మి.మీ. రీచ్ తగ్గుతుంది. రెండు ఫ్రేముల రీచ్‌లను పోల్చాలంటే ముందుగా రెండింటినీ ఒకే ఎత్తుకు తేవాలి. మొదటిదాన్ని 548 నుంచి 572కు లేపండి: 24 మి.మీ. పైకి వెళితే 7 మి.మీ. వెనక్కి వస్తుంది, రీచ్ 371 అవుతుంది. రెండవదాని రీచ్ 376. అంటే మీ చేతులు ఉండే ఎత్తులో రెండవ ఫ్రేమే 5 మి.మీ. పొడవు! పట్టిక 16 ఎక్కువ అన్నది, 2 తక్కువ అన్నది. నిజం 5 ఎక్కువ.

ఇంత తిరకాసు ఎందుకంటే, పాత కాలపు ఉక్కు ఫ్రేములలో టాప్ ట్యూబు నేలకు సమాంతరంగా ఉండేది కనుక సీటు ట్యూబు పొడవు చెబితే మిగతా కొలతలు చాలావరకు ఊహకు అందేవి. 1990లలో మైక్ బరోస్ రూపొందించిన జెయింట్ టీసీఆర్ వంటి వాలు ఫ్రేములు వచ్చాక ఆ సంబంధం తెగిపోయింది. ఇప్పుడు 54 అన్నది చొక్కా మీది అంకె వంటిదే. ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో కొలత.

మీరు చేయవలసినది ఫ్రేములను పోల్చడం కూడా కాదు. మీ ఇప్పటి హ్యాండిల్ బార్ నడిమి బాటమ్ బ్రాకెట్ నుంచి ఎంత ముందు, ఎంత పైన ఉందో కొలిచి, కావలసిన మార్పు కలిపి, ఆ బిందువును ఏ ఫ్రేము మీద ఎన్ని స్పేసర్లతో, ఏ స్టెమ్‌తో అందుకోగలమో చూడటమే. మీరిచ్చిన వివరాలను బట్టి నా లెక్కకు ఆ బిందువు 469 ముందు, 615 పైన అని వస్తోంది (స్టెమ్ బిగింపు ఎత్తు 40 మి.మీ. అనుకున్నాను). టేపుతో సరిచూసి చెప్పండి. అప్పుడు మీకు కావలసినది 459, 630 అవుతుంది.

మొదటి ఫ్రేము మీద మీ 100 స్టెమ్‌తోనే ఆ ఎత్తు రావాలంటే, 8 మి.మీ. మూత పైన 38 మి.మీ. స్పేసర్లు కావాలి, అప్పుడు హ్యాండిల్ 457 దగ్గర నిలుస్తుంది. స్థానం సరిపోయింది, కాని కార్బన్ స్టీరర్ ట్యూబు (ఫోర్క్ నుంచి స్టెమ్ వరకు పైకి సాగే గొట్టం) మీద అంత ఎత్తును చాలా మంది తయారీదారులు అనుమతించరు, అనుమతించినా అదే అంచు. రెండవదాని మీద, మూత 15 మి.మీ. అనుకుంటే, 5 మి.మీ. స్పేసరు ఒక్కటి చాలు. హ్యాండిల్ 461 దగ్గర ఉంటుంది. ఈ మూత సంగతి పట్టికలో ఎక్కడా ఉండదు, స్టాక్‌లో కలవదు. తీగలు లోపలి నుంచి వెళ్లే ఫ్రేములలో మూత బాగా ఎత్తుగా ఉండవచ్చు కనుక, కొనేముందు దాన్ని అడిగి తెలుసుకోవాలి.

కొండదారి

ఇంత గణితం అవసరమా అనిపిస్తోంది. స్టాక్‌ను రీచ్‌తో భాగించండి. మొదటిదానికి 1.45, రెండవదానికి 1.52 వస్తుంది. మొదటిది పందెపు ఫ్రేము, రెండవది దూర ప్రయాణాలకు ఉద్దేశించినది. మెడ నొప్పి ఉన్నవారు రెండవది తీసుకోవాలి. నేను ఈ ఒక్క నిష్పత్తితోనే మూడు సైకిళ్లు ఎంచుకున్నాను, ఎప్పుడూ చింతించలేదు.

లంబరేఖ

కొండదారి గారూ, ఈ సందర్భంలో మీ నిష్పత్తి కూడా నా లెక్క చూపిన వైపే చూపుతోంది కనుక పేచీ లేదు. కాని నిష్పత్తి ఫ్రేము స్వభావాన్ని చెబుతుందే తప్ప పరిమాణాన్ని చెప్పదు. స్టాక్ 600, రీచ్ 395 ఉన్న పెద్ద ఫ్రేముకు కూడా 1.52 వస్తుంది, అది ఉదయపుసవారీ గారికి ఏ విధంగానూ సరిపోదు. పైగా ఒకే మోడల్లో చిన్న సైజు నుంచి పెద్ద సైజుకు వెళ్లేకొద్దీ స్టాక్ పెరిగినంత వేగంగా రీచ్ పెరగదు కనుక నిష్పత్తి తనంతట తానే పెరుగుతూ పోతుంది. ఒకే ఎత్తున్న ఫ్రేముల మధ్య అయితే సరే, వేర్వేరు సైజుల మధ్య దాన్ని వాడితే చిన్న ఫ్రేములన్నీ పందెపు ఫ్రేముల్లాగే కనిపిస్తాయి.

నిదానచక్రం

హ్యాండిల్ ఎక్కడికి వస్తుందో లంబరేఖ గారు చెప్పారు. బండి ఎలా తిరుగుతుందో నేను చెబుతాను. రెండవదాని హెడ్ కోణం 72 అని చూసి అది మొద్దుగా తిరుగుతుందని చాలామంది తొందరపడి తీర్పు చెప్పేస్తారు. కోణంతో పాటు ఫోర్క్ ఆఫ్‌సెట్‌ను (హ్యాండిల్ తిరిగే అక్షరేఖకు ముందు చక్రపు ఇరుసు ఎంత ముందుందో) కూడా చూడాలి. ఈ రెండు ఫ్రేముల ఆఫ్‌సెట్లు మీరు రాయలేదు. ఇటువంటి కోణాలకు సాధారణంగా ఇచ్చే 45, 50 అనుకుందాము. 28 మి.మీ. టైరుతో మొదటిదాని ట్రెయిల్ (ఆ అక్షరేఖ నేలను తాకే చోటికి టైరు నేలను తాకే చోటు ఎంత వెనుక ఉందో) 57 మి.మీ. దగ్గర వస్తుంది, 32 మి.మీ. టైరుతో రెండవదానిది 59. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాను మీ చేతులు గుర్తుపడతాయని నేను అనుకోను. అదే 72 డిగ్రీలకు 45 ఆఫ్‌సెట్ పెట్టి ఉంటే ట్రెయిల్ 64 అయ్యేది. అప్పుడు నెమ్మదిగా వెళ్లేటప్పుడు ముందు చక్రం పక్కకు వాలిపోతున్నట్టు అనిపించేది.

నిజంగా తెలిసే తేడా వేరొకటి ఉంది. వాలు కోణం, ఎక్కువ ఆఫ్‌సెట్ రెండూ కలిసి ముందు చక్రాన్ని ముందుకు నెడతాయి. బాటమ్ బ్రాకెట్ నుంచి ముందు ఇరుసు వరకు దూరం రెండవదానిలో సుమారు 20 మి.మీ. ఎక్కువ ఉంటుంది. మలుపు తిప్పి నెమ్మదిగా తొక్కేటప్పుడు బూటు ముక్కు టైరుకు తగిలే ఇబ్బంది దానితో తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను. చిన్న సైజు ఫ్రేముల హెడ్ కోణాలను తయారీదారులు వాల్చేది కూడా ఈ కాలివేళ్ల తాకిడి కోసమే. మీ పాత బైక్‌లో బూటు తగులుతోందా?

ఇంకొక మాట. అరచేతుల తిమ్మిరికి ఫ్రేమును నిందించే ముందు సీటును చూడండి. సీటు ముక్కు కిందికి వాలి ఉన్నా, సీటు మరీ ముందుకు జరిగి ఉన్నా ఒంటి బరువు జారి చేతుల మీద పడుతుంది. హ్యాండిల్ దూరంగా ఉందని చాలామంది సీటును ముందుకు జరుపుతారు. దానితో దూరం తగ్గుతుంది, చేతుల మీద బరువు పెరుగుతుంది.

ఉదయపుసవారీ

నిన్న సాయంత్రం కొలిచాను. నేల సమంగా ఉన్నదీ లేనిదీ రసమట్టంతో చూసుకుని, వెనుక చక్రం గోడకు ఆనేటట్టు బైక్‌ను నిలబెట్టి, ముందు చక్రానికి రెండు వైపులా పుస్తకాలు ఒత్తి నిటారుగా ఉంచాను. గోడ నుంచి బాటమ్ బ్రాకెట్ నడిమికి 742, హ్యాండిల్ బార్ నడిమికి 1210, తేడా 468. నేల నుంచి అవే రెండింటికి 269, 883, తేడా 614. లంబరేఖ గారి లెక్కకు ఒక్కో మిల్లీమీటరు మాత్రమే తేడా వచ్చింది. మొదటిసారి టేపును వాలుగా పట్టుకుని 476 అని రాసుకున్నాను; దారానికి బరువైన నట్టు కట్టి హ్యాండిల్ నడిమి నుంచి వేలాడదీసి, దారం వద్ద కొలిచిన తర్వాతే సరైన అంకె దొరికింది.

నిదానచక్రం గారి మాట విని సీటు కూడా చూశాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ముక్కు 3 డిగ్రీలు కిందికి వాలి ఉంది. సీటు ముక్కు బాటమ్ బ్రాకెట్‌కు 52 మి.మీ. వెనుక ఉంది. కొన్నప్పుడు 62 ఉండేదని పాత కాగితంలో రాసుకున్నాను. మధ్యలో ఎప్పుడో హ్యాండిల్ దూరమనిపించి 10 మి.మీ. ముందుకు జరిపిన సంగతి పూర్తిగా మరచిపోయాను. బూటు విషయానికొస్తే, ఆగి తిరిగేటప్పుడు తగులుతుంది కాని అలవాటైపోయింది.

లంబరేఖ

అయితే కొత్త ఫ్రేము సంగతి వారం రోజులు పక్కన పెట్టండి. సీటును సమంగా చేసి, 10 మి.మీ. వెనక్కి జరపండి. వెనక్కి జరిపినప్పుడు పెడల్ నుంచి దూరం కూడా పెరుగుతుంది కనుక సీటును 3 మి.మీ. దించాలి. తర్వాత స్టెమ్‌ను విప్పి తలకిందులుగా బిగించండి. 100 మి.మీ. స్టెమ్‌లో ఆ 6 డిగ్రీలను కింది నుంచి పైకి తిప్పితే హ్యాండిల్ 20 మి.మీ. లేచి 6 మి.మీ. దగ్గరవుతుంది, దాదాపు 21 మి.మీ. స్పేసర్లు వేసినట్టే అన్నమాట. మీకు అంత అవసరం లేదు కనుక ఒక 5 మి.మీ. స్పేసరును కింది నుంచి తీసి స్టెమ్ పైన పెట్టండి. హ్యాండిల్ 464, 630 దగ్గరికి వస్తుంది. స్టెమ్ బిగించేటప్పుడు ముందుగా పైమూత బోల్టుతో ఊగులాట పోయేంత వరకే బిగించి, ఆ తర్వాతే పక్క బోల్టులను టార్క్ రెంచితో దాని మీద రాసి ఉన్నంతకు బిగించండి. క్రమం తారుమారైతే హెడ్‌సెట్‌లో ఊగులాట అలాగే ఉండిపోతుంది.

ఫ్రేము కొనక ముందే మీ కొత్త స్థానాన్ని పాత బైక్ మీద పరీక్షించే అవకాశం ఇది. 10 మి.మీ. దగ్గరగా కావాలన్న మీ అంచనా వాలిన సీటు మీద కూర్చుని వేసినది. దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

ఉదయపుసవారీ

తొమ్మిది రోజులు, నాలుగు సవారీలు అయ్యాయి. వాటిలో ఒకటి మూడు గంటలది. అరచేతుల తిమ్మిరి దాదాపు పోయింది. సీటు నుంచి హ్యాండిల్‌కు దూరం లెక్క ప్రకారం మునుపటి కంటే 5 మి.మీ. పెరిగింది, అయినా దగ్గరైనట్టే అనిపిస్తోంది. చేతులను హుడ్స్ (బ్రేకు లివర్ల రబ్బరు పట్టులు) మీద నుంచి తీసి ఒక క్షణం గాలిలో ఉంచినా ముందుకు పడిపోవడం లేదు. ఇంతకు ముందు అలా చేయడం సాధ్యమయ్యేది కాదు. మెడ మాత్రం రెండున్నర గంటల తర్వాత కొంచెం పట్టింది.

కాబట్టి నాకు కావలసిన బిందువు 459 కాదు, 464. ఎత్తు 630 సరే. వెడల్పు టైరు అవసరం అలాగే ఉంది కనుక ఫ్రేము ఎలాగూ మార్చాలి. లెక్క మళ్లీ వేశాను. మొదటి ఫ్రేము మీద 110 స్టెమ్‌ను పైకి తిప్పి 13 మి.మీ. స్పేసర్లు పెడితే 467 వస్తుంది. రెండవదాని మీద 100 స్టెమ్‌ను కిందికే ఉంచి 5 మి.మీ. స్పేసరుతో 461 వస్తుంది. రెండూ 3 మి.మీ. తేడాలోనే ఉన్నాయి. మెడ కోసం మరో 10 మి.మీ. పైకి వెళ్లవలసి వస్తే రెండవదానిలో ఇంకా చోటు ఉంటుంది, కాలివేళ్ల తాకిడీ తగ్గుతుంది. అందువల్ల రెండవదే తీసుకుంటున్నాను. సీటు కోణం అర డిగ్రీ వాలు ఎక్కువ కనుక సీటును పట్టాల మీద 6 మి.మీ. ముందుకు జరిపితే ముక్కు మళ్లీ 62 దగ్గరే ఉంటుంది, అది కూడా చూసుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఆ బండితో వచ్చే హ్యాండిల్ బార్ రీచ్ (ఫ్రేము రీచ్ కాదు, బార్ నడిమి నుంచి అది ముందుకు సాగే దూరం) 70 అని రాసి ఉంది, నా పాతదానిది 80. ఆ పది మిల్లీమీటర్లు మనం ఇప్పటిదాకా వేసిన లెక్కలో ఎక్కడా లేవు కదా?

లంబరేఖ

లేవు. మనం కొలిచింది బార్ నడిమి వరకే. మీ చేతులు ఉండేది దానికి ముందున్న హుడ్స్ మీద. కొత్త బార్‌తో హుడ్స్ 10 మి.మీ. దగ్గరవుతాయి, స్టెమ్ దగ్గర తగ్గిన 3 కూడా కలిస్తే 13. అది మీకు తెలుస్తుంది. 110 స్టెమ్ వేసుకోవచ్చు, లేదా మీ పాత బార్‌నే దానికి బిగించుకోవచ్చు. బిగింపు దగ్గర దాని వ్యాసం 31.8 మి.మీ. ఉంటే, తీగలు బార్ లోపలి నుంచి పోయే అమరిక కాకపోతే, పాతదే వేసుకోండి. బార్, స్టెమ్ ఒకే ముక్కగా వచ్చే అమరిక అయితే మాత్రం స్టెమ్‌ను తిప్పడం, మార్చడం రెండూ కుదరవు కనుక, డబ్బు కట్టక ముందే ఏ పొడవు ముక్క ఇస్తారో అడగండి.